దీదీకి చెప్పిన మాట

ఆదివారం పొద్దున గిరిబాబు క్వార్టర్ ముందుగదిలో ముగ్గురు చేరితే చాలు, లినక్స్ గొడవ మొదలవుతుంది. గిరిబాబు గూడ్సు బండ్లు నడిపే లోకో పైలట్, ఉద్యోగం మీద ఈ హిందీ మాట్లాడే ఊరికి వచ్చినవాడు. డ్యూటీ లేని ఆదివారం అతనికి పండగ. పాత ల్యాప్‌టాప్‌లో ఉన్న విండోస్ తీసేసి, లోపల ఏముందో ఎవరైనా విప్పి చూసుకోగల లినక్స్ ఎక్కించాడు. కెమెరా కంట ఎవరూ పడకుండా, రెండేళ్ల కొడుకు బంటి కోసం తెచ్చిన బ్యాండ్ ఎయిడ్ ముక్క ఒకటి దాని మీద అతికించాడు.

"మనల్ని ఎవడు చూస్తడన్నా? మనమేమన్న మినిస్టర్లమా?" అన్నాడు అనిల్. బ్యాంకు ఉద్యోగి, కరీంనగర్ వైపునుంచి బదిలీ మీద వచ్చినవాడు.

"నవ్వు, నవ్వు. ఈ ఏఐలకి నువ్వేటి చెప్పినా దాచుకుంటాయి. నా ఇంటి గుట్టు నా ఇంట్లోనే ఉండాల," అన్నాడు గిరిబాబు.

అప్పుడే టీ పట్టుకొచ్చిన అతని భార్య రాజశ్రీ చేతిలో పళ్లెం వణికింది. కప్పులు గలగలమన్నాయి. టీపాయ్ మీద పళ్లెం పెట్టేసి, ఎవరి ముఖమూ చూడకుండా లోపలికి వెళ్లి, నిద్రపోతున్న బంటి నుదురు తాకి చూసింది. గంట కిందటే చూసింది. అయినా మళ్లీ చూసింది.

మొన్న చలికాలంలో ఒక మధ్యాహ్నం జ్వరం ఉన్నట్టుండి ఎక్కువై బంటికి ఫిట్స్ వచ్చాయి. గిరిబాబు బండి మీద ఉన్నాడు. అత్త అచ్చియమ్మ బజారుకెళ్లింది. రాజశ్రీ కేకలు విని పక్క క్వార్టర్ హైమావతి పరుగున వచ్చి, పిల్లాణ్ణి పక్కకి తిప్పి పడుకోబెట్టి, ఆటో పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్లింది. జ్వరంతో వచ్చేవే, పెద్దయ్యాక పోతాయి, భయం లేదన్నాడు డాక్టరు. అచ్చియమ్మకి మాత్రం వేరే భయం పట్టుకుంది.

"ఫిట్స్ గుంటడని పేరెట్టీస్తారు. రేపు బడిలో ఎవడూ పక్కన కూకోడు. బయట నోరిప్పకు," అంది కోడలితో.

రాజశ్రీ నోరిప్పలేదు. కానీ భయం లోపలే తిరుగుతూ ఉంటే ఏం చేస్తుంది? తొమ్మిదో తరగతితో ఆగిన చదువు. డాక్టరు రాసిన ఇంగ్లీషు కాగితం అర్థం కాదు. బండి నడిపేటప్పుడు గిరిబాబు ఫోను ఆపేయాలి. ఒకనాడు ఆమెకి ఒక ఉచిత యాప్ దొరికింది. ఆరోగ్యం గురించి ఏం అడిగినా ఆడగొంతుతో, తెలుగులోనే చెబుతుంది. విసుక్కోదు. రాజశ్రీ దానికి దీదీ అని, హిందీలో అక్క అని పేరు పెట్టుకుంది. మా బంటికి మళ్లీ ఫిట్స్ వస్తాయా దీదీ, మందు వేసినా పడుకోడేం దీదీ, అని రోజూ అడిగేది. అది అడిగినప్పుడు పిల్లాడి పేరు, వయసు చెప్పింది. ఫోను నంబరు అది ముందే తీసుకుంది.

మొన్న గురువారం ఎవరో అమ్మాయి ఫోన్ చేసి హిందీలో మాట్లాడింది. "మేడమ్, ఆప్కే బంటి కో అభీ భీ దౌరే ఆతే హైఁ క్యా?" అంది. బంటికి ఇంకా ఫిట్స్ వస్తున్నాయా అని. వస్తే తమ క్లినిక్‌లో ప్రత్యేక ప్యాకేజీ ఉందట.

రాజశ్రీ ఫోను పెట్టేసింది. ఎవరు చెప్పారు? ఇంట్లోవాళ్లు చెప్పరు. డాక్టరు ఎంతమందినని గుర్తుపెట్టుకుంటాడు? మిగిలింది పక్కింటి హైమావతి ఒక్కతే. తిన్నగా నీళ్ల కుళాయి దగ్గరికి వెళ్లి నలుగురిలో అడిగేసింది.

"మా గుంటడి సంగతి ఊరంతా చాటీసి నువ్వేటి బావుకున్నావు పిన్నీ?"

హైమావతి బకెట్ కిందపెట్టి ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసింది. "నమ్మకపోతే నాను చేసీదేటి లేదు," అని లోపలికి వెళ్లిపోయింది. ఆనాటి నుంచీ ఆ తలుపు తెరుచుకోలేదు. రాజశ్రీకి తిండి సయించడం లేదు. మళ్లీ ఫిట్స్ వస్తే ఈసారి కేక వేసినా వచ్చేదెవరు?

"ఏటమ్మా, కప్పులు అలగ వణికిపోయేయి? ఒంట్లో బాగులేదా?" అని ముందుగదిలోంచి రాఘవయ్య పిలిచాడు. రైల్వేలో సిగ్నల్ ఇన్‌స్పెక్టరుగా రిటైరై, అదే ఊళ్లో సర్కండా పేటలో ఉంటున్న పెద్దాయన, ఆదివారం ముగ్గురిలో మూడోవాడు. అత్త కళ్లెర్రజేస్తున్నా రాజశ్రీ గుమ్మంలో నిలబడి అంతా చెప్పేసింది.

గిరిబాబు ముఖం మాడిపోయింది. "నన్నడగొచ్చు గదా?"

"మీరు బండి మీదుంటే ఫోను ఆపీస్తారు. దిగితే ఆ ల్యాప్‌టాప్‌లో దూరీస్తారు. ఎప్పుడడగను?"

అనిల్ ఆమె ఫోను తీసుకుని, యాప్ లోపల ఏముందో చూపే ప్రోగ్రాం ఒకటి నడిపాడు. "వదినా, గిండ్ల ప్రకటనల కంపెనీల సాఫ్ట్‌వేర్ మస్తుగ ఉంది. నువ్వు ఒప్పుకున్న షరతుల్ల 'భాగస్వాములతో పంచుకుంటాం' అని రాసిండ్రు."

"యంత్రం ఎక్కడైనా చాడీలు చెప్తాదా? ఆ హైమావతే," అంది అచ్చియమ్మ.

రాఘవయ్య కళ్లజోడు తుడుచుకున్నాడు. "అచ్ఛా, మా సిగ్నల్లో లోపమొస్తే ఎవర్నీ తిట్టీవోళ్లం కాదు చెల్లీ. ఒక్కొక్క తీగా విడదీసి చూసీవోళ్లం. ఇదీ అలగే చూద్దాం. ఎవరికీ తెలీని సంగతి దీనికి ఒక్కదానికే చెప్దాం."

అనిల్ దగ్గర వాడని సిమ్ ఉంది. పాత ఫోనులో అది వేసి, అదే యాప్ కొత్తగా పెట్టారు. లేని కూతుర్ని పుట్టించారు. పేరు గుడియా. మెల్లకన్ను. ఎలా తగ్గుతుందని రాజశ్రీ చేతే అడిగించారు. దీదీ ఎప్పటిలాగే ఓపికగా చెప్పింది. ఆ ఓపిక వింటూ ఈసారి రాజశ్రీ ఫోనును చెవికి దూరంగా పట్టుకుంది.

ఆ వారమంతా ఆ ఫోను ఆమె బొడ్లోనే ఉంది. మోగితే ఒక బాధ, మోగకపోతే ఇంకో బాధ. మోగకపోతే హైమావతి తప్పు చేసినట్టు. మోగితే తానే చేసినట్టు.

తరువాతి ఆదివారం అందరూ కూర్చుని ఉండగా అది మోగింది. అనిల్ స్పీకర్ పెట్టాడు. "నమస్తే మేడమ్. ఆప్కీ బేటీ గుడియా కీ ఆంఖ్ కే బారే మేఁ..." మీ అమ్మాయి గుడియా కంటి గురించి అని.

"గుడియా ఎవర్తె?" అంది అచ్చియమ్మ మరిచిపోయి. మరుక్షణం గుర్తొచ్చి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఎవరూ నవ్వలేదు. రాఘవయ్య ల్యాప్‌టాప్ మీది బ్యాండ్ ఎయిడ్ వైపు చూశాడు. "గిరీ, ఇన్నాళ్లూ ఇక్కడ కూకుని గుట్టు, గుట్టు అని వాదించుకున్నాం. టీ పట్టుకొచ్చిన పిల్లని ఒక్కనాడైనా కూకోమన్నామా? ఫోను పట్టుకున్న ప్రతి మనిషికీ తెలియాల. దానికి ఏటి చెప్పకూడదో, అది అడిగినవాటికి ఎక్కడ వద్దనాలో. ఇంట్లోవోళ్లకి నేర్పకుండా ఏ లినక్స్ ఎట్టుకుని ఏటి లాభం?"

గిరిబాబు లేచి, తన కుర్చీ రాజశ్రీ వైపు జరిపాడు. ఆమె కూర్చోలేదు. "తరవాత నేర్పండి," అని, లోపలికెళ్లి బంటిని చంకనెత్తుకుని పక్క క్వార్టర్ తలుపు కొట్టింది.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. "ఏటి? మళ్లీ ఎవరికి చెప్పీసేనని వచ్చేవు?" అంది హైమావతి.

"నువ్వు కాదు పిన్నీ. నానే చెప్పీసేను. ఫోనుకి."

"ఫోనుకి చెప్పుకున్నావా?"

"ఎవరికీ చెప్పొద్దన్నారు. దానికే చెప్పుకున్నాను. నిన్ను నలుగురిలో అన్నాను గదా, రేపు కుళాయి కాడ ఆ నలుగురిలోనే తప్పు ఒప్పుకుంటాను. మా గుంటడికి ఫిట్స్ వచ్చేయని కూడా నానే చెప్తాను."

హైమావతి చెయ్యి చాపి బంటి నుదురు తాకింది. "కాస్త వెచ్చగుంది. తడిగుడ్డ ఎట్టేవా?"

"లేదు."

"మరి గుమ్మంలో నిలబడి ఏటి చేస్తావు? లోపలికి రా."

చదివేవారికి ఒక్క మనవి. జబ్బును సిగ్గుపడే సంగతిగా చేసి మనం ఇంటి ఆడపిల్ల నోరు మూస్తే, ఆమె ఆ బాధను తెలియని యంత్రానికి చెప్పుకుంటుంది. అది మన గుట్టు అమ్ముకుంటుంది, నింద పక్కింటి మనిషి మీద పడుతుంది. ఫోనుకి తాళం వేయడం తప్పక నేర్పండి, కానీ అంతకు ముందు మీ ఇంట్లో భయపడుతున్న మనిషి పక్కన కూర్చుని ఆమె చెప్పేది వినండి.