పిక్క పట్టే చోటు

యానాం నుంచి బదిలీ మీద పుదుచ్చేరి వచ్చిన మూడో ఏడు, 1979లో, త్రిమూర్తులుకి కుడి పిక్కలో నొప్పి మొదలైంది. కరెంటాఫీసులో గుమాస్తా ఆయన. పిల్లల్లేరు. భార్య మంగాయమ్మ పోయాక ఆ ఇంట్లో ఉండలేక తనే బదిలీ అడిగి వచ్చాడు. ఒర్లియంపేటలో ఒక గది, ఉప్పళంలో మెస్సు భోజనం, రోజుకో కట్ట బీడీలు. అదీ జీవితం.

కూర్చుంటే నొప్పి లేదు, పడుకుంటే లేదు. నడిస్తేనే. కాస్త దూరం పోగానే పిక్కని ఎవరో గుప్పిట పట్టి పిండుతున్నట్టు ఉండేది. ఆగి నిలబడితే మెల్లగా వదిలేది. మళ్లీ అంత దూరం నడిస్తే మళ్లీ పట్టేది. యాభై దాటాయి, వాతమై ఉంటుందనుకుని ఆముదం రాసుకున్నాడు.

సాయంత్రాలు ఆఫీసు వాళ్లతో కలిసి బీచికి నడిచేవాడు. దారిలో ఆగాలంటే సిగ్గేసేది. ఒకసారి చెప్పు సర్దుకుంటున్నట్టు వంగాడు. ఇంకోసారి గోడ మీది సినిమా పోస్టరు చదువుతున్నట్టు నిలబడ్డాడు. ఆయనకి తమిళం చదవడం రాదని వాళ్లకి తెలుసు. నవ్వారు. ఆ తర్వాత పని ఉందని చెప్పి, అందరూ వెళ్లాక ఒక్కడే బయల్దేరడం మొదలుపెట్టాడు. కొన్నాళ్లకి వాళ్లు పిలవడమూ మానేశారు.

ఒంటరిగా నడుస్తుంటే, నొప్పి పట్టే చోటు రోజూ ఒకటేనని తెలిసింది. మెస్సుకి వెళ్లే సందులో, అరుగున్న ఒక పెంకుటింటి ముందు. అక్కడ గోడకి చెయ్యి ఆనించి, బీడీ వెలిగించి, కాలు వదిలేదాకా నిలబడేవాడు. ఆ ఇంట్లో ఎవరుంటారో ఆయన చూడలేదు. సందులో జనం మాత్రం ఆయన్ని చూశారు.

ఒక సాయంత్రం ఆ తలుపు తెరుచుకుంది. నలభై దాటిన మనిషి, నుదుట బొట్టు లేదు, తమిళంలో గట్టిగా ఏదో అడిగింది. త్రిమూర్తులు వచ్చీరాని తమిళంలో తడబడి, చివరికి "అబ్బా, ఎలా చెప్పేదండీ" అన్నాడు తెలుగులో.

"తెలుగోళ్లా మీరు? మేమూ తెలుగే. అయితే తెలుగులోనే అడుగుతా. దినమూ ఈడ నిలబడేది ఏందయ్యా? మొగుడు లేని ఇల్లు ఇది. ఎదురంగట్లో మా మరిది ఆదికేశవన్ చూస్తా ఉండాడు."

త్రిమూర్తులు గోడ వదిలి ఒకడుగు వెనక్కి వేశాడు. "తప్పుగా అనుకోకండమ్మా. ఇక్కడికొచ్చేసరికి ఈ పిక్క పట్టేస్తాదండి. కాసేపు నిలబడితే వదిలేస్తాది. అంతేనండి, ప్రమాణంగా."

ఆమె గొంతు తగ్గింది. "నడిస్తే మళ్లా పడతాదా?"

"అవునండి."

ఆమె ఆయన చేతిలోని బీడీని చూసి, అరుగు చూపించింది. "ఆ తిన్నె మింద కూసోండి. మా ఇంటాయన నాగరాజన్‌కు ఇట్లనే వచ్చె. మిల్లుకు పోతా పోతా నిలిచి నిలిచి పోయేవాడు. అందరూ వాతమనిరి. బొటనేలికి చిన్న పుండు లేచె, మానలేదు, నల్లగా అయిపోయె. కాలు తీసేసిరి. మరుసటేడు గుండె నిలిచిపోయె. మీరు రేపే పెద్దాసుపత్రికి పోండి."

ఆమె పేరు అంబుజం. త్రిమూర్తులు మర్నాడే వెళ్లాడు.

డాక్టరు వీరరాఘవన్ ఆయన పాదం మీద రెండు వేళ్లు ఆనించి కళ్లు మూసుకున్నాడు. వేళ్లు జరిపి మళ్లీ వెతికాడు. చీలమండ దగ్గర, మోకాలి వెనక. మంగాయమ్మ పోయాక ఆ కాలిని ఇంకొకరు తాకడం అదే మొదలు.

"పాదంలో నాడి దొరకలేదు" అన్నాడు డాక్టరు. ఆయనింట్లోనూ తెలుగే. "ఇది వాతం కాదు. నెత్తురు మోసే గొట్టాలు కొవ్వు పేరుకుని గట్టిపడినాయి, దారి సన్నబడింది. కూసుంటే కాలికి ఆ కాస్త నెత్తురు చాలు. నడిస్తే చాలదు. అదీ నొప్పి."

"కాలికేనా అండి?"

"కాల్లో ఉంటే గుండెకు పోయే గొట్టంలోనూ, మెదడుకు పోయేదాంట్లోనూ ఉంటుందనే అనుకోవాల. కాలు ముందుగా చెప్పింది, మంచిదే. బీడీ ఈ పూటతో ఆఖరు. బీపీ ఉంది, మాత్ర వేసుకోండి. నూనె తగ్గించండి. పాదానికి దెబ్బ తగలనీయొద్దు. దినమూ నడవండి. నొప్పి వస్తే నిలబడండి, తగ్గినాక మళ్లా నడవండి."

"నడిస్తేనే కదండీ నొప్పి?"

"మూసుకున్న దారి తెరుచుకోదు. నడవంగా నడవంగా పక్కనుండే చిన్న దారులు పెద్దవవుతాయి. నెలలు పడుతుంది."

బీడీలు మానడం నడకకన్నా కష్టమైంది. గదిలో అంతకాలం తోడున్నది అదొక్కటే. ఉండబట్టక గది బయటికొచ్చి నడిచేవాడు. నొప్పి పట్టినప్పుడు అంబుజం ఇంటి అరుగు చివర కూర్చునేవాడు. ఆమె గడప దాటేది కాదు. లోపలినుంచే మజ్జిగ గ్లాసు జరిపేది. "కాలు చూపించండి" అనేది. వేళ్ల సందుల్లో పుండు లేదని తేలాకే వేరే మాట. నాగరాజన్ పాదం తను సమయానికి చూడలేదని ఒకసారి చెప్పింది. ఎదురంగడికి వినబడేట్టు, "పాపం, కాలునొప్పి మనిషి, యానామాయన" అనేది. ఆదికేశవన్ కూడా తల ఊపడం మొదలుపెట్టాడు.

వానలు పడే రోజుల్లో ఒక సాయంత్రం త్రిమూర్తులు మెస్సులో విస్తరి ముందు కూర్చున్నాకగానీ గమనించలేదు, దారిలో ఎక్కడా ఆగలేదని. సంతోషంతో పక్కనున్నాయనకి చెప్పబోయి, ఆయన తమిళాయనని గుర్తొచ్చి ఊరుకున్నాడు. ఇక ఆ అరుగు దగ్గర ఆగే పని లేదని అప్పుడు తట్టి, అన్నం సగంలో వదిలేశాడు.

మర్నాడు మామూలుగానే అరుగు మీద కూర్చుని పిక్క పట్టుకున్నాడు.

అంబుజం గడప దగ్గరికొచ్చి చూసింది. "అది ఎడమకాలు."

ఆయన చెయ్యి తీసేశాడు.

"నిన్న నిలబడకుండానే పోతిరి. కిటికీలోనుంచి చూస్తి. సంతోషమాయె" అంది. వీధివైపు ఒకసారి చూసి మెల్లగా అంది. "నొప్పి మనిషైతే ఎవరడిగినా జవాబు చెప్తా. ఊరకే కూసుంటే నేనేం చెప్పేది?"

"ఏమీ చెప్పలేరండి" అన్నాడు త్రిమూర్తులు.

"కాలు మాత్రం చూసుకోండి."

ఆయన సందు మలుపు తిరిగేదాకా తలుపు వేసిన చప్పుడు వినబడలేదు.

తర్వాత ఆయన ఎక్కువ దూరమే నడవగలిగాడు. మెస్సు దాటి, ఉప్పళం దాటి, సముద్రం వైపు. నొప్పి పూర్తిగా పోలేదు. ఓడరేవు దగ్గర ఒక గిడ్డంగి పొడుగాటి గోడ వచ్చేసరికి పట్టేది. గోడకి చెయ్యి ఆనించి, కాలు వదిలేదాకా నిలబడేవాడు. అటు సైకిళ్ల మీద పోయేవాళ్లు పోతూనే ఉండేవాళ్లు. ఎందుకు నిలబడ్డారని ఎవరూ అడగలేదు.