ఐసెలిన్ వంటింట్లో కాల్గరీ ఓట్లు

మా ఆయన చక్రపాణికి అభిప్రాయాలు ఎక్కువ, ఓటు లేదు. గ్రీన్ కార్డే ఇంకా క్యూలో ఉంది, పౌరసత్వం సంగతి ఆ తర్వాత. ఎన్నికల కాలం వచ్చిందంటే సాయంత్రాలు న్యూజెర్సీలో మా ఐసెలిన్ ఇంటి ల్యాండ్‌లైన్‌కి సర్వేవాళ్ళు ఫోన్ చేస్తుంటారు. ఈయన టీవీ ఆపి, గొంతు సవరించుకుని మరీ ఎత్తుతారు. మొదటి ప్రశ్నే "మీరు ఓటరుగా రిజిస్టర్ అయ్యారా?" అని. "నో, బట్..." అనేలోపు అవతలివాళ్ళు థాంక్యూ చెప్పి పెట్టేస్తారు. ఆ "బట్" తర్వాత ఏముందో వినే ఖర్మ నాది.

అందుకే ఆ వేసవిలో మా చెల్లెలు నళిని కుటుంబంతో కెనడాలోని కాల్గరీ నుంచి దిగి, "మేం ఇక్కడుండగానే మాకు ఓటింగ్ ఉంది బావగారూ, ఫోన్‌లోనే వెయ్యొచ్చు" అనేసరికి ఆయన ముఖం వెలిగిపోయింది. చీరల షాపింగ్‌కని వచ్చినవాళ్ళని ఓక్ ట్రీ రోడ్ మీదికి వెళ్ళనివ్వకుండా వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టేశారు.

విషయం ఏమిటంటే, వాళ్ళ రాష్ట్రంలో ముఖ్యమంత్రి దిగిపోతున్నాడు. అధికార పార్టీ ఎవరిని నాయకుడిగా ఎన్నుకుంటే వాళ్ళే కొత్త ముఖ్యమంత్రి. ఎన్నుకునేది మామూలు పార్టీ సభ్యులు. సభ్యత్వానికి పౌరసత్వం అక్కర్లేదట, అక్కడ స్థిరపడితే చాలు. పద్నాలుగేళ్ళు నిండిన పిల్లలకీ ఓటుంటుంది. అంటే నళినికి ఒకటి, ఆమె భర్త సత్యానికి ఒకటి, వాళ్ళమ్మాయి మేధకి కూడా ఒకటి.

"అయితే ఢిల్లీ నుంచి సీల్డు కవరు రాదా?" అన్నారు మా ఆయన.

"కవరా? ఏం కవర్ పెద్దనాన్నా?" అంది మేధ.

"ఎవర్ని సీఎం చెయ్యాలో పైవాళ్ళు రాసి పంపుతారు. ఇక్కడ విప్పి చదివి చప్పట్లు కొడతారు."

"దట్స్ సో వియర్డ్."

"వియర్డే. మాకు అలవాటైపోయిందిలే."

ఇక ప్రశ్నల వర్షం. అక్కడ కరెంటు ఎవరి చేతిలో, ఆసుపత్రులు ఎవరి చేతిలో, బడులు ఎవరి చేతిలో, చమురు ధర పడిపోతే జీతాలెవరిస్తారు. సత్యం తెలిసినంత చెప్పాడు, తెలియనివి మేధ చెప్పింది. కెనడాలో ఒక రాష్ట్రం గురించి ఇంత కుతూహలపడే మనిషి కెనడాలోనే ఉండడేమో అనిపించింది నాకు. సొంతూళ్ళో పెళ్ళి పెట్టుకుని పక్కూరి పెళ్ళికి సున్నాలు వేసే రకం.

నళిని మాత్రం ఒక పక్కన కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. అది ఇండియాలో పళ్ళ డాక్టరు. కాల్గరీలో ఒక పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చుని అపాయింట్‌మెంట్లు ఇస్తుంది. బయటి దేశాల్లో చదివినవాళ్ళకి లైసెన్సు ఎలా ఇవ్వాలన్న నిబంధనలు రాష్ట్రానివి. ఆ నిబంధనల్లో ఎక్కడో చిక్కుపడి ఏళ్ళు గడిచిపోయాయి. రేపు వచ్చే ముఖ్యమంత్రి ఆ చిక్కు విప్పితే దాని బతుకు దానికి దక్కుతుంది. ఆ ఇంట్లో ఓటు నిజంగా కావలసింది దానికే, దాన్నెవరూ అడగలేదు.

అడగకపోవడానికి కారణం ఉంది. సత్యం అప్పటికే మాటిచ్చేశాడు. కాల్గరీ తెలుగువాళ్ళలో పరంధామయ్యగారని ఒక పెద్దమనిషి ఉన్నారు. కొత్తగా వచ్చినవాళ్ళకి ఇల్లు చూపిస్తారు, ఉద్యోగానికి సిఫారసు చేస్తారు, పనిలో పనిగా పార్టీలో చేర్పిస్తారు. ఆయన గోర్డన్ హేల్ అనే అభ్యర్థి వెనక ఉన్నారు. ఆ ఉదయమే ఫోన్ చేసి, "మీరు హాయిగా షాపింగ్ చేసుకోండి తమ్ముడూ. మీ ముగ్గురి ఓటింగ్ పిన్ నంబర్లూ నాకు మెసేజ్ పెట్టేయ్, మీ తరఫున నేనే నొక్కేస్తాను" అన్నారట.

"పెద్దాయన, కాదంటే బాగుండదు" అన్నాడు సత్యం.

"దాన్దేముంది, మా ఊళ్ళోనూ అంతేగా. ఇంటి ఓట్లన్నీ మా తాతగారి నోట్లోంచే వచ్చేవి" అన్నారు మా ఆయన. నాకు ఒళ్ళు మండింది. కానీ నేను నోరు తెరిచేలోపే మేధ లేచింది.

"నా పిన్ ఎవరికీ ఇవ్వను. ఇట్స్ మై వోట్."

"మేధా, పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే..." అన్నాడు సత్యం.

"సారీ నాన్నా. కానీ ఇవ్వను."

మా ఆయన దాన్ని తిడతారేమోననుకున్నాను. లేదు. ఆసక్తిగా చూశారు. "సరే, హేల్ అయితే ఏం చేస్తాడట? మీ అమ్మ లైసెన్సు గురించి ఏమన్నాడు?" అని అడిగారు. ఎవరికీ తెలియదు. పరంధామయ్యగారికి కూడా తెలియదు. హేల్ గెలిచే గుర్రమన్న సంగతి ఒక్కటే అందరికీ తెలుసు.

మా ఆయన సాఫ్ట్‌వేర్ టెస్టర్. ప్రాణం పోయినా దేన్నీ నొక్కి చూడకుండా నమ్మరు. కొత్త కుక్కర్ కొంటే మూడు రకాల బియ్యం పెట్టి చూసిన మనిషి. "బరిలో ముగ్గురున్నారుగా. ముగ్గురికీ ఒకే ప్రశ్న వేద్దాం, ఏం ఔట్‌పుట్ వస్తుందో చూద్దాం" అని మేధ చేత ముగ్గురి ఆఫీసు నంబర్లూ వెతికించారు. స్పీకర్ పెట్టి, ఇండియాలో చదివిన పళ్ళ డాక్టరుకి లైసెన్సు విషయంలో మీ అభ్యర్థి ఏం చేస్తారని మొదట హేల్ ఆఫీసుని అడిగారు.

అవతలి కుర్రాడు చాలా మర్యాదగా, మీ ఇంట్లో ఎన్ని ఓట్లున్నాయి సార్ అని అడిగాడు. తాను సభ్యుణ్ణి కాదని, ఒక సభ్యుడికి న్యూజెర్సీలో ఉండే తోడల్లుణ్ణని మా ఆయన విప్పి చెప్పేసరికి వాడి మర్యాద అయిపోయింది. రెండో అభ్యర్థి ఆఫీసులో, అంతా వెబ్‌సైట్‌లో ఉంది చూసుకోమన్నారు. మేధ చూసింది. "మేం ప్రతిభను గౌరవిస్తాం" అని ఉంది, అంతే.

మూడో ఆవిడ పేరు ఐలీన్ టర్క్. చిన్న ఊరి శాసనసభ్యురాలు, గెలవదని అందరూ ముందే తేల్చేశారు. ఆ నంబరుకి చేస్తే వెనక కుక్క అరుస్తోంది, కుళాయి పారుతోంది. ఫోనెత్తింది ఆవిడే. మా ఆయన తడబడి, ప్రశ్న అప్పజెప్పారు.

కుళాయి ఆగింది. తర్వాత ఆవిడ, దీనికి నా దగ్గర జవాబు లేదు, అసలు మీ వాళ్ళకి ఏం జరుగుతోందో నాకు సరిగ్గా తెలియదు, ఆ డాక్టరు అక్కడున్నారా అని అడిగింది.

మేమందరం నళిని వైపు చూశాం. అది ఉల్లిపాయలు తరుగుతున్న చాకు కింద పెట్టి, చెయ్యి కొంగుకి తుడుచుకుని ఫోన్ ముందుకి జరిగింది. మొదట ఒక్కో మాటా ఆచితూచి పలికింది. ఆవిడ తొందరపెట్టలేదు. ఆ తర్వాత ఏమన్నారు, ఆ కాగితం ఎవరడిగారు, ఎందుకడిగారు అని అడుగుతూనే ఉంది. కొన్నిచోట్ల ఆపి, నెమ్మదిగా చెప్పు రాసుకుంటున్నాను అంది. నా చెల్లెలి గొంతు అంత గట్టిగా ఉండేదని నేను మర్చేపోయాను. స్టవ్ మీద చారు పొంగిపోతున్నా నేను లేవలేదు.

చివరికి ఆవిడ, నేను గెలవనమ్మా, ఆ సంగతి మా కుక్కకి కూడా తెలుసు, కానీ గెలిచినవాళ్ళు వారం వారం సభలో నా ముందు వరసలోనే కూర్చుంటారు, ఈ ప్రశ్న వాళ్ళని నేనడుగుతాను అంది. ఓటు వెయ్యమని అడగలేదు. థాంక్యూ చెప్పి పెట్టేసింది.

సత్యం తల పట్టుకున్నాడు. "ఆవిడకేస్తే ఓటు మురిగిపోతుందండీ అన్నయ్యగారూ. అక్కడ పరంధామయ్యగారికి ఏం చెప్పను?"

"మొదటి ఓటు, రెండో ఓటు అని రెండు నొక్కొచ్చు నాన్నా" అంది మేధ. "ఫస్ట్ ఛాయిస్ ఓడిపోతే సెకండ్‌కి వెళ్తుంది. మురిగిపోదు."

మా ఆయన కుర్చీలోంచి లేచేశారు. "మొదటిది మనసుకి, రెండోది మొహమాటానికి! ఎవడు కనిపెట్టాడ్రా దీన్ని?"

"నాకు మొహమాటం లేదు" అంది నళిని. పిన్ కొట్టింది, మొదటి ఓటు ఐలీన్ టర్క్‌కి వేసింది. రెండోది ఎవరికీ వెయ్యకుండా ఫోన్ పెట్టేసింది. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, తప్పు ఉల్లిపాయల మీదికి నెట్టేశాను.

"లైసెన్సు వస్తుందంటావా?" అన్నారు మా ఆయన.

"ఏమో బావగారూ, రాకపోవచ్చు. కానీ ఆ దేశంలో నన్ను మొదటిసారి ఒకరు అడిగారు. నేను చెప్పింది రాసుకున్నారు."

సత్యం భార్య వైపు ఒకసారి చూశాడు. తర్వాత ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్ళాడు. "క్షమించండి పరంధామయ్యగారూ, ఎవరి ఓటు వాళ్ళే వేసుకుంటున్నాం" అన్న మాట లోపలికి వినిపించింది. తర్వాత అటూ ఇటూ పచార్లు చేస్తూ తిట్లన్నీ తిన్నాడు.

అప్పుడే మా ల్యాండ్‌లైన్ మోగింది. సర్వేవాళ్ళు. మా ఆయన ఈసారి టీవీ ఆపలేదు, గొంతు సవరించుకోలేదు. "నో" అన్నారు. "బట్" అనలేదు. వాళ్ళకంటే ముందు ఆయనే పెట్టేసి, కుర్చీలో కూలబడ్డారు. ఇరవైమూడు జిల్లాల రాజకీయం నాలుక చివర పెట్టుకున్న మనిషిని అడిగేవాళ్ళే లేరే అని మొదటిసారి ఆయన మీద జాలేసింది.

మేధ తన ఫోన్ పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది.

"పెద్దనాన్నా, నేనింకా వెయ్యలేదు. పిన్ ఇవ్వను, ఓకే? కానీ నువ్వేమనుకుంటున్నావో చెప్పు."

ఆయన దాని వైపు తిరిగారు. ఇన్నేళ్ళుగా దాచిన అభిప్రాయాలన్నీ ఎక్కడికి పోయాయో మరి.

"నన్నా అడుగుతున్నావు?" అన్నారు.