తగ్గిందమ్మ

నా కాళ్ళు నావి, నా కర్ర నాది. అయినా కర్ర కింద హాల్లో అద్దాల బీరువాలో ఉంది, నేను మేడ మీద గదిలో ఉన్నాను, బీరువా తాళంచెవి మా తమ్ముడి జేబులో ఉంది. ఇదంతా ఒక్క పాడు మాట వల్ల వచ్చింది.

కుట్టుమిషను తొక్కి బతికినదాన్ని నేను. తొక్కీ తొక్కీ మోకాళ్ళు అరిగిపోయాయి. ఇక్కడ వేడినీటి ఊట ఉంది, దాని చుట్టూ రిసార్టు కట్టారు, అందులో తమ్ముడు తొట్లు నింపే పని చేసేవాడు. "అక్కా, భూమిలోంచి ఉడుకుతూ వచ్చే నీళ్ళు. నాలుగు రోజులు కూర్చో, ప్రాణం హాయిగా ఉంటుంది" అని వెంటబెట్టుకొచ్చాడు. వాడికి వేలు పట్టి నడక నేర్పింది నేనే. వాడు రమ్మంటే రానంటానా?

మొదటి రోజు తెర చాటున తొట్టిలో కూర్చున్నాను. కుళ్ళిన కోడిగుడ్ల కంపు. అబద్ధమెందుకు, ఒళ్ళు మాత్రం వెచ్చగా, సుఖంగా ఉంది. అంతలోనే అడుగున బిరడా ఊడినట్టుంది, నీళ్ళు గుడగుడమంటూ జారిపోవడం మొదలెట్టాయి. మెడ దాకా ఉన్నవి నడుము దాకా దిగాయి. ఎంత పిలిచినా పలికే నాథుడు లేడు. పైన చలి, లోపల మంట. సరిగ్గా అప్పుడే తెర అవతల ఎవరో మగమనిషి, "అమ్మగారూ, తగ్గిందా?" అని అడిగాడు.

"తగ్గిందా ఏమిటి నా మొహం! మొత్తం తగ్గిపోయింది! ఇలా కూర్చున్నానో లేదో తగ్గిపోయింది!" అని అరిచాను.

తెర అవతల చప్పట్లు మోగాయి.

అడిగినవాడు రిసార్టు యజమాని. వెంట కొత్తగా దిగిన అతిథులు. నేను తొట్టిలో నీరు తగ్గిందంటే వాళ్ళు నొప్పి తగ్గిందనుకున్నారు. బట్టలు మార్చుకుని, "అయ్యా, నేనన్నది అది కాదు" అని చెబుదామని బయటికొచ్చేసరికి యజమాని తమ్ముడి వీపు తడుతున్నాడు. "మీ అక్కని తీసుకొచ్చి మంచి పని చేశావోయ్. ఇవాళ్టి నుంచి తొట్ల గది మొత్తానికి నువ్వే పెద్ద" అన్నాడు. తమ్ముడి మొహం వెలిగిపోయింది. అది చూశాక నాకు నోరు పెగల్లేదు.

ఆ పూటే నా చేతికర్రని నూనె గుడ్డతో తుడిచి అద్దాల బీరువాలో తగిలించారు. కింద "ఊట మహిమతో వదిలేసిన కర్ర" అని రాశారు. వదిలేశానట! నా చేతిలోంచి లాక్కుని! పైగా నాకు తగ్గిందమ్మ అని పేరు. అప్పట్నుంచి రోజూ పొద్దున కొత్తవాళ్ళు హాల్లో చేరగానే నేను నవ్వుతూ మేడమెట్లు దిగాలి. కమ్మీ పట్టుకున్న చెయ్యి కనిపించకుండా పూలకుండీలు అడ్డం పెట్టించాడు ఆ యజమాని మహానుభావుడు. చివరి మెట్టు దగ్గర తమ్ముడు మర్యాద చేస్తున్నట్టు నా మోచెయ్యి అందుకుంటాడు. యజమాని "తగ్గిందా అమ్మా?" అంటాడు. నేను "తగ్గిందయ్యా" అనాలి. అంతే నా ఉద్యోగం.

"ఇంటికి పోతాన్రా" అంటే, "ఈ సీజను గడవనీ అక్కా" అంటాడు తమ్ముడు. మరదలైతే, "వదినా, ఆయన ఉద్యోగం మీ చేతుల్లో ఉంది" అని బతిమాలింది.

"చేతుల్లో కాదే తల్లీ, మోకాళ్ళలో ఉంది" అన్నాను. తను నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. మెట్లు దిగీ దిగీ నొప్పి మునుపటికంటే ముదిరింది. గదిలోంచి చూస్తే గేటు కనిపిస్తూనే ఉంటుంది, కర్ర లేకుండా ఆ కంకర దారిలో పది అడుగులు వెయ్యలేను. కుడితిలో పడ్డ ఎలుక అంటారే, నేను వేన్నీళ్ళలో పడ్డాను, అంతే తేడా.

నిన్న సాయంత్రం వరండాలో ఒక బస్సు డ్రైవరమ్మ నా పక్కన చేరింది. బ్రేకులు తొక్కి మోకాళ్ళు పాడుచేసుకుందట. చేతిలో కర్ర.

"అక్కా, డాక్టరు వెంటనే ఆపరేషన్ చేయించుకోమన్నాడు. ఆలస్యం చేస్తే కాలు పనికిరాదన్నాడు. మిమ్మల్ని చూశాక మానేద్దామనిపిస్తోంది. ఈ నీళ్ళే నమ్ముకుంటా" అంది.

నా అబద్ధం నా మోకాళ్ళనే తింటోందనుకున్నాను ఇన్నాళ్ళూ. ఏదో చెప్పబోతే తమ్ముడు వచ్చి, "మందుల వేళయింది, పద అక్కా" అని లేవదీశాడు. సరే, రేపు అందరిముందూ చెప్తాననుకున్నాను.

ఈ పొద్దున మెట్లు దిగాను. యజమాని మామూలుగానే, "తగ్గిందా అమ్మా?" అన్నాడు.

"తగ్గలేదు!" అన్నాను, హాలు దద్దరిల్లేలా. "ఏమాత్రం తగ్గలేదు!"

తమ్ముడి వేళ్ళు నా మోచేతి మీద బిగుసుకున్నాయి. యజమాని వెంటనే మొహమంతా నవ్వు పులుముకుని జనం వైపు తిరిగాడు. "విన్నారా! ఇంత ఎండల్లో కూడా మన ఊట ఏమాత్రం తగ్గలేదట! ఆవిడకి రోజూ ఆ నీళ్ళ ధ్యాసే!"

మళ్ళీ చప్పట్లు. ఓరి నీ దుంపతెగ! డ్రైవరమ్మ కూడా కొట్టింది. కొట్టడమే కాదు, ముందుకొచ్చి తన కర్ర తమ్ముడికిచ్చింది. "దీన్ని కూడా అక్క కర్ర పక్కనే పెట్టండి" అంది.

తమ్ముడు నన్ను వదిలి వెళ్ళి బీరువా తలుపు తీశాడు. పట్టు పోగానే మోకాళ్ళు వణికి నేను చివరి మెట్టు మీద కూలబడ్డాను. ఈసారి ఆ తగ్గడం అన్న మాటని నోట్లోకి రానివ్వలేదు.

"అమ్మాయ్, నీ కర్ర నువ్వు తీసుకో. నా నొప్పి పోలేదు. ఆ రోజు నేనన్నది తొట్టిలో నీళ్ళ గురించి. నా కర్ర ఆ అద్దాల్లోకి పోయాక నేను గేటు దాటలేదు. పోయి ఆపరేషన్ చేయించుకో."

"అక్కగారికి హాస్యం ఎక్కువ" అన్నాడు యజమాని. ఎవరూ నవ్వలేదు. డ్రైవరమ్మ ఉబ్బిన నా మోకాళ్ళ వైపు చూసింది. తమ్ముడి చేతిలోంచి తన కర్ర లాక్కుంది. "ఆవిడది కూడా ఇవ్వండి" అంది.

తమ్ముడు యజమాని వైపు చూశాడు, నా వైపు చూశాడు. తర్వాత తలుపు మూసి తాళం వేశాడు.

"నాతో రండక్కా, నా కర్ర పట్టుకోండి" అంది డ్రైవరమ్మ.

"ఒక్క కర్ర మీద ఇద్దరు కుంటోళ్ళం ఎంత దూరం పోతామే? నువ్వు పో. ఆగకు" అన్నాను.

వెళ్ళింది. జనం కూడా ఒక్కొక్కరే జారుకున్నారు. తమ్ముడొచ్చి నా ముందు నిలబడి, "లే అక్కా. రేపు కొత్తవాళ్ళు వస్తారు" అంటూ చెయ్యి చాపాడు.

"తియ్యరా ఆ చెయ్యి!" అన్నాను.

తీశాడు. గోడకి చేరబడి నిలబడ్డాడు. కమ్మీ అందుకుందామని చూశాను, చివరి మెట్టు దగ్గర కుండీలు అడ్డం. నేల మీద చేతులు ఆనించి లేవబోయాను, మోకాళ్ళు మాట వినలేదు. బీరువాలో నా కర్ర మెరుస్తోంది. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. వాడు కదల్లేదు.

చివరికి నేనే పిలిచాను.

"ఒరేయ్, చెయ్యివ్వు."