పేజీ అడుగున రెండు వరుసలు

రాతగాళ్లను ఇంట్లోకి రానివ్వొద్దని మా అమ్మ నాకెప్పుడూ చెప్పలేదు. ఆవిడకు ఒక్క రాతగాడూ తెలియదు, అదృష్టవంతురాలు. అచ్చు వేసేవాణ్ణి కట్టుకున్నాక నా బతుకంతా వాళ్లతోనే సరిపోయింది. ఒకడు చలికి మా పొయ్యి పక్కన చేరతాడు. ఒకడు పుస్తకం అచ్చయ్యేదాకా మా బీరు తాగి, అయ్యాక బాగా అచ్చవలేదంటాడు. అందరిలోకీ మిడిసిపాటు ఎక్కువ జర్వేస్ హార్టప్‌కి. కేంబ్రిడ్జిలో చదివానని పలకరించిన ప్రతివాడికీ చెప్పేవాడు. ఏళ్ల తరబడి చిరుపుస్తకాలు రాశాడు గానీ అందులో ఒక్క ముక్క ఎవరి నోటా ఆడగా నేను వినలేదు.

మా ఆయన బార్నబీ. లండన్‌లో ఆల్డర్స్‌గేట్ దగ్గర సందులో మా ఇల్లు. కింద ఒకే ఒక్క అచ్చు యంత్రం, పైన మేము. పైన కూర్చుని నేను గొప్పింటివాళ్ల మెడపట్టీలకు గంజి పెట్టేదాన్ని. ఆ మెడపట్టీల సంగతి తెలిసిందే కదా, మడత మీద మడతగా చక్రమంత ఉంటాయి. గంజి లేకపోతే తడిసిన కోడి రెక్కల్లా వేలాడతాయి. ఆ గంజి గోధుమతోనే చెయ్యాలి.

వరసగా వేసవులన్నీ వానల్లో కొట్టుకుపోయిన రోజులవి. గోధుమ చేలోనే కుళ్లింది. రొట్టె ధర అదే, రొట్టె మాత్రం పిడికిలంత అయింది. అందులో బఠాణీ పిండి కలిపేవాళ్లు, తర్వాత ఇంకేం కలిపేవాళ్లో దేవుడికే తెలియాలి. దొరసానుల ఇళ్ల నుంచి మాత్రం గంజికని తెల్లటి గోధుమ పిండి తప్పకుండా వచ్చేది. తూచి ఇచ్చేవాళ్లు, పట్టీలు తిరిగి తీసుకునేటప్పుడు మిగిలింది కూడా తూచేవాళ్లు.

మాకు ఒక్కతే కూతురు, పర్నెల్. ఐదో ఏడు నడుస్తోంది. ఆ చలికాలం మంచం దిగలేదు. ఒకరోజు నేను పిండి కలుపుతుంటే దుప్పటిలోంచి చూసి అడిగింది.

"అమ్మా, అది గోధుమే కదా?"

"గోధుమే తల్లీ. దొరసాని గారిది."

"మెడకి పూస్తావు కదా. వాళ్ల మెడ తింటుందా?"

బార్నబీ మెట్ల మీద ఉన్నాడు. విన్నాడు. కిందికి పోయాడు. ఆ చలికాలం పండగలకు ముందే పర్నెల్ పోయింది. జ్వరమన్నారు. కడుపు నిండా తిన్న పిల్లలకి ఆ జ్వరం వచ్చి పోవడం నేను మా వీధిలోనే చూశాను.

చలికి నేల ఇంకా గడ్డకట్టి ఉండగానే హార్టప్ కరువు మీద పుస్తకం రాసి తెచ్చాడు. బిషప్ గారి తరఫున పుస్తకాలు చూసే పాదిరి దానికి అనుమతి ముద్ర కూడా వేశాడు. పుస్తకంలో ఆకలి ఒక గ్రీకు దేవత. రథమెక్కి వస్తుంది, వెనక రాజులు, వాళ్ల వెనక లాటిను. మా ఇంటికి ఆవిడ రథమేమీ ఎక్కి రాలేదు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. సీసంతో పోసిన అచ్చు అక్షరాలు తక్కువ, పేజీలు ఎక్కువ. అందుకని పుస్తకం వరసగా కూర్చరు. రాతప్రతి చూసి ఏ పేజీలో ఎంత పడుతుందో ముందే గీతలు గీసుకుని, ఒక కాగితం మీద ఒక పక్కన పడే పేజీలన్నీ కూర్చి అచ్చేసి, ఆ అక్షరాలే విడదీసి మిగతావి కూరుస్తారు. అంచనా ఎక్కువైతే మాటలు ఇరికించాలి, తక్కువైతే పేజీ అడుగున ఖాళీ మిగులుతుంది. ఖాళీ మిగిలితే పనివాడికి అంతకన్నా పరువు తక్కువ లేదు. అందుకని కూర్చేవాడే తనకు తోచిన ముక్క పెట్టి నింపేస్తాడు. రాతగాళ్లు పట్టించుకోరు, సగం మందికి తెలియను కూడా తెలియదు. బార్నబీ ఎప్పుడూ "దేవుడు మన రాణిగారిని చల్లగా చూచుగాక" అని పెట్టేవాడు. పెద్దక్షరాలతో పెడితే రెండు వరుసలకి అది సరిగ్గా సరిపోతుంది.

హార్టప్ పుస్తకం చివరి పేజీలో రెండు వరుసలు తక్కువొచ్చాయి.

అచ్చయిన కాగితాలు పైకి తెచ్చి తాళ్ల మీద ఆరేసేది నేనే. చదవడం వచ్చు నాకు, రాయడం రాదు. చివరి పేజీ అడుగున ఇలా ఉంది: "మా పిల్లల గోధుమను దొరల మెడలు తింటున్నాయి. అందరికన్నా పెద్ద మెడపట్టీ ఎవరిదో లండన్‌లో గుడ్డివాడికి కూడా తెలుసు."

మొదటి వరుసలో నా కూతురి గొంతు వినపడింది. రెండోది మళ్లీ చదివాను. పెద్ద మెడపట్టీ ఎవరిదో నాకూ తెలుసు మరి. దిగి వెళ్లాను.

"ఏంటయ్యా ఇది?"

"ఖాళీ వచ్చింది."

"ఎప్పుడూ పెట్టేదే పెట్టొచ్చుగా."

"చెయ్యి రాలేదు సిస్లీ."

అప్పటికే కాగితమంతా అచ్చయిపోయింది. మళ్లీ అంత కాగితం కొనడం మా వల్ల కాదు. అయినా హార్టప్ పుస్తకం చివరిదాకా చదివే ఓపిక ఎవడికుంటుందిలే అనుకున్నాం. తెలివితక్కువ మొహాలం. కుట్టకుండా, అట్ట లేకుండా మడిచి పెట్టిన పుస్తకానికి చివరి పేజీ కూడా పైకే కనిపిస్తుంది. సెయింట్ పాల్ గుడి ఆవరణలో పుస్తకాల బల్లల ముందు కొనకుండా చదివే జనం మొదట చదివింది దాన్నే.

వారం తిరిగేసరికి ఆ మాట ఊరంతా పాకింది. చేపలమ్మే ఆడవాళ్లు దొరసానుల బండి పోతుంటే "ఏమమ్మా, మెడకి ఆకలి తీరిందా?" అని అడిగేవాళ్లు. ఎవరో గోడ మీద సుద్దతో రాశారు. నేను గంజి పెట్టిన పట్టీలు తీసుకెళ్లే పనిమనిషి కూడా నా దగ్గరే ఆ మాట చెప్పి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

రాణిగారిని ఎత్తిపొడిచాడని హార్టప్‌ను పట్టుకెళ్లారు. తర్వాత మా ఇంటికొచ్చి రాతప్రతి ఏదన్నారు. అచ్చయ్యాక రాతప్రతి ఎవరు దాస్తారు? పళ్లేల అడుగున పరుచుకోడానికి మాంసం కూరిన రొట్టెలు కాల్చి అమ్మేవాడు పట్టుకెళ్లాడు. పాదిరిని అడిగితే, "నేను ముద్ర వేసినప్పుడు ఆ వాక్యం అందులో లేదు" అన్నాడట. ఆయన ఆ పుస్తకం తెరిచి కూడా ఉండడు. చదవకుండానే నిజం చెప్పాడు. ఇంకేం, ముద్ర పడ్డాక ఆ వాక్యం ఎవడు కలిపితే వాడి కుడి చెయ్యి మణికట్టు దగ్గర నరకాలని తేలిపోయింది. రాసినవాడిదో, అచ్చువేసినవాడిదో.

"నేను వెళ్లి చెప్పేస్తాను," అన్నాడు బార్నబీ.

"చెప్పి? ఎడం చేత్తో కూరుస్తావా అక్షరాలు? ఉన్న ఒక్క పిల్లనీ పూడ్చుకున్నాం. నీ చెయ్యి కూడా పూడ్చిరమ్మంటావా నన్ను?"

"ఆయనేం పాపం చేశాడే?"

"చదవలేని పుస్తకాలు రాశాడు. అది చాలదా?"

అన్నాను. అన్నందుకు నాకేమీ బాధ లేదు, ఇప్పుడైనా అదే అంటాను. కానీ బార్నబీ కోటు తొడుక్కున్నాడు. ముందు ఆయనతో చెప్పి, తర్వాత విచారణవాళ్ల దగ్గరికి పోతానన్నాడు. వదిలిపెట్టకుండా నేనూ బయల్దేరాను.

జైల్లో హార్టప్ గడ్డి మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగింది. నేను దిగులు మొహం చూడబోతానని అనుకున్నాను. మనిషి మొహం వెలిగిపోతోంది. కిటికీ ఊచల బయట ఎవరో ఆ వాక్యం అరిచి, "దేవుడు నిన్ను చల్లగా చూడాలయ్యా" అని పోయారు. హార్టప్ వేలు పైకెత్తి వినమన్నాడు.

"విన్నావా? పొద్దున్నుంచీ ఇదే వరస."

బార్నబీ టోపీ తీశాడు. "అయ్యగారూ, అది మీరు రాసింది కాదు. పేజీ అడుగున ఖాళీ వస్తే నేను పెట్టాను. వాళ్లకి చెప్పండి. నేనూ వచ్చి చెబుతాను."

హార్టప్ నవ్వు ఆగిపోయింది. తలుపు దగ్గరి కాపలావాడు విన్నాడేమోనని చూశాడు.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు. మా ఆవిడకి తెలుసు."

"అయితే నోరు మూసుకో. నాదేనని పొద్దున సంతకం పెట్టేశాను."

"చెయ్యి తీసేస్తారు అయ్యగారూ."

"తెలుసు."

"మీకు మతి పోయిందా?" అన్నాను నేను. "మీది కాని మాటకి చెయ్యిచ్చుకుంటారా?"

హార్టప్ నా వైపు చూడలేదు. బార్నబీతోనే మాట్లాడాడు, చాలా మెల్లగా. "గ్రీకు చదివాను, లాటిన్ చదివాను. కళ్లు పోయేలా రాశాను. నా పుస్తకాలు చేపలు చుట్టడానికి పోయాయి. ఇంతకాలానికి నా పేరుతో ఉన్న ఒక మాటని చేపలమ్మే మనిషి నోటితో చెబుతోంది. కాదని చెప్పమంటావా? చెబితే నేనెవర్ని? నువ్వేం చేసుకుంటావయ్యా దాన్ని? అచ్చువేసేవాడివి. నాకొదిలెయ్యి."

"అది నాది కూడా కాదండి," అన్నాడు బార్నబీ. "మా పిల్లది. అడిగి పోయింది."

హార్టప్ సిగ్గుపడ్డాడు, నేను చూశాను. కానీ వదల్లేదు.

"పిల్లకి ఇప్పుడు అక్కర్లేదు కదా," అన్నాడు.

చెంప పగలగొట్టాలనిపించింది నాకు. అదే క్షణంలో ఆయన కాళ్లకి దండం పెట్టాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు. తెచ్చిన రొట్టె గడ్డి మీద పెట్టి మా ఆయన మోచెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను.

బార్నబీ ఆగలేదు. అక్కణ్నుంచి నేరుగా విచారణవాళ్ల గుమస్తా దగ్గరికి నడిచాడు. నేను గుమ్మంలో నిలబడి విన్నాను. ఆ వాక్యం తనదని చెప్పాడు, ఎలా పెట్టాడో, ఎందుకు పెట్టాడో అంతా చెప్పాడు. గుమస్తా కలం చెక్కుకుంటూ విని, పక్కవాడితో అన్నాడు.

"ఇంకొకడొచ్చాడోయ్. మొన్న చేతితొడుగులు కుట్టేవాడొచ్చాడు, నిన్న ఎవడో నాటకాలవాడు. అందరూ మాదే మాదే అనేవాళ్లే." తర్వాత బార్నబీని ఎగాదిగా చూశాడు. "ఏ కాలేజీలో చదివావు?"

"చదవలేదండి."

"మరి? కేంబ్రిడ్జి పండితుడు నాదని సంతకం పెట్టాక, వేళ్ల నిండా సిరా పూసుకుని వచ్చి నాదంటావు. పో, పోయి పని చూసుకో. పేరు కావాలంటే కష్టపడి సంపాదించుకోవాలి."

అబద్ధమెందుకు, నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. బార్నబీ మాత్రం ఇంటికొచ్చి తన కుడి చెయ్యి బల్ల మీద పెట్టుకుని, అదెవరిదో అన్నట్టు చూస్తూ కూర్చున్నాడు.

వెస్ట్‌మిన్‌స్టర్ సంత వీధిలో చెక్క వేదిక కట్టారు. వద్దన్నా బార్నబీ వెళ్లాడు, నేనూ వెళ్లాను. హార్టప్ శుభ్రమైన చొక్కా వేసుకున్నాడు. మెడపట్టీ పెట్టుకోలేదు. మాంసం కొట్టే కత్తిని మణికట్టు మీద ఆనించి, పెద్ద చెక్క సుత్తితో దాని మీద కొడతారు. ముందు ఏమైనా చెప్పుకోమన్నారు. హార్టప్ గొంతెత్తి, "మా పిల్లల గోధుమను" అన్నాడు. మిగతాది జనమే అన్నారు, అందరూ కలిసి, గుళ్లో ప్రార్థన చెప్పినట్టు. పాలిపోయిన మొహంతో వింటున్నాడు. జీవితంలో అంత సంతోషంగా ఉన్న మనిషిని నేను చూడలేదు.

ఒక్క దెబ్బకి తెగలేదు. రెండో దెబ్బ వేసేటప్పుడు ఆయన అరిచిన అరుపులో గ్రీకూ లేదు, లాటినూ లేదు. నా పక్కన బార్నబీ తన కుడి మణికట్టు ఎడమ చేత్తో పట్టుకుని వంగిపోయాడు. తర్వాత సలసల కాగే తారులో ముంచారు. ఆ వాసన నా గౌను నుంచి చాలాకాలం పోలేదు.

హార్టప్ బతికాడు. ఆకులు రాలే కాలానికి మా కొట్టుకొచ్చాడు. వీధిలో జనం ఆయనకు దారిచ్చి టోపీలు తీస్తున్నారు. చంకలో కొత్త రాతప్రతి ఉంది, ఎవరికో చెప్పి రాయించాడు. మళ్లీ కరువు మీదే. ఈసారి జనం ఎదురుచూస్తున్నారనీ పుస్తకాలవాళ్లు ముందే అడిగారనీ చెప్పాడు. నేనిచ్చిన బీరు గ్లాసు అందుకోడానికి కుడిచెయ్యి చాచాడు. చాచిన తర్వాత గుర్తొచ్చింది. నేను గ్లాసు ఆయన ఎడమచేతిలో పెట్టాను.

కొంతసేపు కూర్చుని, నేను మెట్లెక్కుతుంటే వినపడదనుకుని, బార్నబీ దగ్గరికి జరిగాడు.

"చివరి పేజీలో రెండు వరుసలు తక్కువొస్తాయి. నేనే చూసి తగ్గించాను. అక్కడ నువ్వేదైనా పెట్టు బార్నబీ. ముందటిసారిలాంటిది."

బార్నబీ అక్షరాలు కడుగుతున్నాడు. కడగడం ఆపలేదు.

"అలాంటిది రావాలంటే ఇంట్లో ఒక పిల్ల పోవాలి అయ్యగారూ. మాకున్నది ఒక్కతే."

హార్టప్ బీరు సగంలో వదిలేసి వెళ్లిపోయాడు. సందు చివర ఎవరో ఆ వాక్యం అరిచి ఆయనకి జేజేలు కొట్టారు. ఆయన తల వంచుకుని నడిచాడు.

పుస్తకం అచ్చయింది. పైన తాళ్ల మీద ఆరేస్తూ చివరి పేజీ చూశాను. బార్నబీ అడుగున రెండు వరుసలు ఖాళీగా వదిలేశాడు. ఎప్పుడూ పెట్టే రాణిగారి ముక్క కూడా పెట్టలేదు. చెయ్యి తెగింది హార్టప్‌కైతే పనితనం పోయింది బార్నబీకని మా వృత్తివాళ్లు నవ్వారు, నవ్వనీ. ఆ పుస్తకంలో ఒక్క ముక్క ఎవరి నోటా ఆడలేదు. నేను మాత్రం ఆ కాగితాలన్నీ తడారేదాకా వాటి కిందే నిలబడి, ఆ ఖాళీ చూస్తూ ఏడ్చాను. తర్వాత పొయ్యి రాజేసి, దొరసాని గారి పిండి తీసి గంజి కలిపాను.