తినలేదనే చెప్పాను

"ఆ కాస్తా పారేయడమెందుకు, నువ్వు తినెయ్యి" అంటుంది అత్తయ్య, పదకొండేళ్లుగా, ఎవరి ప్లేటు సింకు దగ్గరికొచ్చినా. ఆ రోజు ఆవిడ అననక్కర్లేకపోయింది. పాప వదిలేసిన సగం గుడ్డు, మా ఆయన మిగిల్చిన బ్రెడ్డు ముక్క, అత్తయ్య గిన్నె అడుగున రెండు చెంచాల ఓట్స్. నిలబడే నోట్లో వేసుకుని, ప్లేట్లు కడిగి, ఆస్పత్రికి బస్సెక్కాను.

నాకు హెపటైటిస్ బి ఉందని పాప కడుపులో ఉన్నప్పుడు బయటపడింది. పుట్టుకతో అమ్మ నుంచి వచ్చిందట. కంచాలవల్ల, గ్లాసులవల్ల అంటదని డాక్టరు ఒకటికి రెండుసార్లు చెప్పారు. అయినా మర్నాటికల్లా నా కంచం, నా గ్లాసు కిటికీ పక్క అరలోకి మారిపోయాయి. మా ఆయన్ని అడిగితే, "పోనీలే, అమ్మ తృప్తి కోసం" అన్నారు. పోనిచ్చాను.

ఇప్పుడు కాలేయం మీద మచ్చలెంతున్నాయో చూడాలన్నారు. సూది గుచ్చి ముక్క తీయక్కర్లేదట. పక్కటెముకల మధ్య చిన్న పరికరం ఆనిస్తే, కాలేయం ఎంత గట్టిపడిందో అంకె వస్తుందట.

స్కాన్ చేసే అమ్మాయి నా కుడిచెయ్యి తల కింద పెట్టించి, జెల్ రాస్తూ, మూడు గంటలుగా ఏమీ తినలేదు కదా అని అడిగింది. లేదన్నాను. అబద్ధమనుకోలేదు. కంచం ముందు కూర్చోలేదుగా! వేలితో తట్టినట్టు పదిసార్లు తట్టింది ఆ పరికరం. పద్నాలుగు వచ్చింది. ఏడు లోపుంటే బాగుండేదట. ఇది మచ్చలు బాగా ముదిరినవాళ్ల అంకెట.

"నిజంగా ఏమీ తినలేదా అక్కా? తింటే అంకె పెరుగుతుంది."

చెవులు కాలిపోయాయి. తిన్నానని ఒప్పుకోవడానికి కాదు సిగ్గు, ఏం తిన్నానో చెప్పడానికి. ఇంట్లో కుక్క ఉంటే దానికి పెట్టేవాళ్లం అవన్నీ. గోడవైపు తిరిగి చెప్పాను.

"ఎంగిలి. అందరిదీ."

ఆ అమ్మాయి నవ్వలేదు. జెల్ తుడిచి, ఒంటిగంటకి మళ్లీ చేస్తాననీ, అప్పటిదాకా ఏమీ తినొద్దనీ చెప్పి బయట బెంచీ చూపించింది.

మూడు గంటలు ఊరికే కూర్చోవడం నాకు చేతకాలేదు. సంచి జిప్పు తీస్తూ, వేస్తూ గడిపాను. పద్నాలుగే నిజమైతే పాపని ఎవరు చూస్తారని ఏడుపొచ్చింది. అంతలో మా ఆయన ఫోన్ చేశారు, భోజనం సంగతేమిటని. అన్నం కుక్కర్లో ఉంది, పెట్టుకోమన్నాను. ప్లేట్లు ఎక్కడుంటాయని అడిగారు. నా కంచం ఎక్కడుంటుందో మాత్రం ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

నా ఎంగిలంటే వాళ్లకి భయం. వాళ్ల ఎంగిలి ఇన్నేళ్లూ నేనే తిన్నాను. ఇది నాకు ఒక్కసారైనా తట్టలేదు చూడండి, అందుకు తల కొట్టేసినట్టయింది.

రెండోసారి ఆరు పాయింట్ ఎనిమిది వచ్చింది. ఆ అమ్మాయి "అమ్మయ్య" అంది. నేను అనలేకపోయాను. సిగ్గు నాతోపాటే బస్సెక్కింది.

ఇంటికెళ్లేసరికి స్కూలు నుంచొచ్చిన పాప అన్నం సగం వదిలేసి లేచింది. అత్తయ్య ప్లేటు నా వైపు జరిపింది.

"పరీక్ష అయిపోయిందిగా. ఆ కాస్తా తినెయ్యి."

"పాపకి ఏ జబ్బూ లేదు అత్తయ్యా. మీరు తినండి" అన్నాను.

అందరి ప్లేట్ల దొంతరలోంచి ఒకటి తీసుకుని, వేడన్నం పెట్టుకుని, కూర్చుని తిన్నాను.