గంటా నలభై నిమిషాలు

ఆమె నేలమీద గొంతుక్కూర్చుని, చక్రాల కుర్చీ ఇరుసుకు చుట్టుకున్న వెంట్రుకలను గోళ్ళతో లాగుతోంది. ప్రయాణికుల తలల నుంచి రాలిన జుట్టంతా చివరికి తన చక్రాల్లోకే చేరుతుందని ఆమె నమ్మకం. నడవలేని ప్రయాణికులను కుర్చీలో తోసుకెళ్ళే ఆమెను విమానాశ్రయంలో అందరూ చక్రాలక్క అంటారు. భర్త పోయాక ఆమెకు మిగిలింది రన్‌వే వెనక ఒంటిగది. విమానం లేచినప్పుడల్లా అందులో గిన్నెలు గలగలమంటాయి. ఆ ఇంట్లో పలకరింపు అంటే అదే.

ఎప్పుడూ కుర్చీ వెనకే నిలబడడంవల్ల ఆమెకు మనుషుల ముఖాలకన్నా నడినెత్తులే ఎక్కువ గుర్తు. ఆ ఉదయం వచ్చిన ముసలావిడ జుట్టు పలచగా, తెల్లగా ఉంది. తొందరలో తీసిన పాపిట వంకర పోయింది.

“ఎంత దూరం అమ్మాయ్?” అని అడిగింది ఆవిడ.

“తొమ్మిది వందల కిలోమీటర్లుంటుందమ్మా. గాల్లో గంటా నలభై నిమిషాలు.”

“అంతేనా?” ఆవిడ ఒళ్ళో ఫోను సర్దుకుంది. “సినిమా చూసినంత సేపు కూడా కాదన్నమాట. అక్కడ మా చెల్లెలు ఆస్పత్రిలో ఉంది. ఏదో మాట పట్టింపు. ఒకరి గుమ్మం ఒకరం తొక్కి ఏళ్ళయింది. ఎవరడిగినా, దూరం కదా అని చెప్పేదాన్ని.”

“వెళ్తున్నారుగా అమ్మా.”

బయట మంచు కమ్ముకుని విమానం కదలడం లేదు. ఇంకో కుర్చీకి పిలుపు వస్తే చక్రాలక్క ఆ పని తోటి ఆమెకు అప్పజెప్పి అక్కడే ఉండిపోయింది. ఎందుకో ఆమెకే తెలియలేదు.

“నీకెవరున్నారు?”

“అందరూ ఉన్నారమ్మా.” రోజూ చెప్పే అబద్ధమే. నాలుక మీద నలిగి నలిగి నున్నబడిపోయింది.

ముసలావిడ ఒళ్ళో ఫోను మోగింది.

“ఊఁ. ఊఁ. ఎప్పుడు?” ఆవిడ చాలాసేపు విన్నది. “నువ్వేమైనా తిన్నావా నాన్నా?” అని ఫోను ఒళ్ళో పెట్టుకుంది. “చెల్లెలి కొడుకు. వాళ్ళమ్మ పోయిందట.”

చక్రాలక్క కుర్చీ ముందుకు వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. ఆవిడ ముఖం అప్పుడు చూసింది. కన్నీళ్ళు లేవు. దిగాల్సిన స్టేషను దాటిపోయిందని అప్పుడే తెలిసిన మనిషిలా ఉంది.

“ఇప్పుడెంతసేపు పడుతుంది అమ్మాయ్?”

“అంతేనమ్మా. గంటా నలభై.”

“అంతేనా,” అంది ఆవిడ మళ్ళీ. కొంగుతో మూతి తుడుచుకుంది. “పద. వాడక్కడ ఒక్కడే ఉన్నాడు.”

మంచు విడిపోయింది. విమానం తలుపు దగ్గర లోపలి అమ్మాయిలిద్దరు చెరో రెక్కా పట్టుకుని ఆవిడను లేపారు. ఆవిడ తిరిగి చూడకుండానే చెయ్యి వెనక్కి చాపి, చక్రాలక్క వేళ్ళు తడిమి పట్టుకుంది. ఎవరైనా తన చెయ్యి పట్టుకుని ఎన్నాళ్ళయిందో చక్రాలక్కకు గుర్తు రాలేదు. తనంతట తాను మాత్రం ఆ చెయ్యి వదల్లేదు. ఆవిడే వదిలి లోపలికి వెళ్ళింది.

తలుపు మూసుకుంది. చక్రాలక్క కిటికీ అద్దం దగ్గర నిలబడి, విమానం చుక్కంతయి కనబడకుండా పోయేదాకా చూసింది. తర్వాత కుర్చీ తిప్పబోయి కిందికి చూసింది.

పాదాలు పెట్టుకునే పలక మీద ఒక చెప్పు ఉంది. ఎడమ కాలిది. మడమ దగ్గర అరిగి, లోపల అయిదు వేళ్ళ అచ్చులూ పడి, మూసిన తలుపు వైపు తిరిగి ఉంది.