అక్క చదివిన గుర్తు

కాగితపు పొడి ఎండలో తేలుతోంది.

కిటికీ పక్కన బల్ల. బల్ల మీద కుట్టు విప్పిన ఒక పాత నిఘంటువు, జిగురు గిన్నె, మైనం రాసిన దారం. వాటి మధ్య, దారి తప్పి వచ్చినట్టు, ఒక ల్యాప్‌టాప్.

దాని ముందు చెల్లెలు.

చెల్లెలంటే చిన్నపిల్ల అనుకునేరు. యాభై ఏడేళ్లు. పుస్తకాలు బైండింగ్ చేసీ చేసీ బొటనవేలు కాయ కాసింది. అయినా అక్క ఉన్నన్నాళ్లూ చెల్లెలు చెల్లెలే కదా.

అక్క ఉన్నన్నాళ్లూ...

ఆలోచన అక్కడే ఆగిపోతోంది. తొమ్మిది రోజులుగా అక్కడే ఆగుతోంది.

తెర మీద బైండర్ల ఫోరం. ఎక్కడెక్కడివాళ్లో చేరి కుట్ల గురించీ అట్టల గురించీ పోట్లాడుకునే చోటు. పదమూడేళ్ల కిందట అక్కే చేర్పించింది. ఇద్దరికీ కలిపి ఒకటే పేరు, ఒకటే పాస్‌వర్డ్.

రెండేళ్లకి అమ్మ పోయింది. అక్క ఒక రోజు ఆలస్యంగా వచ్చింది. గుమ్మంలోనే, అందరి ముందూ, చెల్లెలు ఒకే ఒక్క మాట అంది.

"ఇప్పుడా రావడం?"

ఆ మాటకి అక్క జవాబు చెప్పలేదు. ఆ తర్వాత ఏ మాటకీ చెప్పలేదు. ఫోన్ లేదు, ఉత్తరం లేదు. పెళ్లిళ్లలో ఎదురుపడితే ఒకరు వంటింట్లోకి, ఒకరు వీధిలోకి.

పదకొండేళ్లు.

పాస్‌వర్డ్ మాత్రం ఇద్దరిలో ఎవరూ మార్చలేదు.

మొదటిసారి గమనించినప్పుడు చెల్లెలికి ఒళ్లు జలదరించింది. ఆ ఫోరంలో కొత్త పోస్టు లావు అక్షరాల్లో, నల్లగా ఉంటుంది. తెరిచి చదివితే సన్నబడుతుంది. ఒకరోజు పొద్దున చూస్తే... తను చదవని పోస్టు సన్నగా ఉంది.

తను చదవలేదు. ఇంటాయన చదవడు, ఆయనకి కాగితాలు కోసే మిషను తప్ప ఇంకేదీ పట్టదు.

మరెవరు?

అక్క. ఏదో ఊళ్లో, ఏదో గదిలో, ఇదే పేరుతో లోపలికొచ్చి అక్క చదివింది.

ఎక్కడో ఒక యంత్రం ఉంది. వేలమందిలో ఎవరు ఎంతవరకు చదివారో ఒక్కొక్కరికీ గుర్తుపెట్టుకుంటుంది. పొరపాటన్నది ఎరగదు. అలాంటిది ఈ ఇద్దరినీ ఒక్క మనిషే అనుకుంటోంది!

చుట్టాలందరూ కలిసి చెయ్యలేని పని అది తనకి తెలియకుండానే చేసేసింది. చెల్లెలికి ఆ తెరకి చేతులెత్తి మొక్కాలనిపించింది.

తోలు అట్టలంటే అక్కకి ప్రాణం. ఆ పోస్టులు చెల్లెలు ముట్టుకోవడం మానేసింది. అక్క చూడాలి కదా, కొత్తగా ఉన్నప్పుడే చూడాలి. మర్నాటికి అవి సన్నబడేవి. హమ్మయ్య అనుకుని జిగురు కలుపుకునేది.

పదకొండేళ్లు అలా గడిచాయి. ఇప్పుడు... తొమ్మిది రోజులుగా మూడు తోలు పోస్టులు లావుగానే ఉన్నాయి.

అక్కకి అరవై నాలుగు. ఒక్కతే ఉంటుంది. గుండెకి మాత్రలు వేసుకుంటోందని పిన్ని కూతురు ఎప్పుడో అంది. పిన్ని కూతురికి ఫోన్ చెయ్యొచ్చు. చేస్తే ఏదో ఒకటి వినాల్సి వస్తుంది.

"ఏమోయ్, ఆ తెరకేసి అలా చూస్తే ఏం రాలుతుంది? మీ అక్కకే ఫోన్ చెయ్యరాదూ" అన్నాడు ఆయన.

"చేసి ఏమనమంటారు?"

ఆయన కాగితాల కట్ట భుజానికెత్తుకుని మిషను దగ్గరికి పోయాడు.

ఏదో ఒక పాత పోస్టు తెరవడం. వెనక్కి బాణం నొక్కడం. మళ్లీ అదే పేజీ. అవే మూడు, లావుగా, నల్లగా. కొత్తవి కూడా ఏమీ లేవు. బడులు తెరిచే రోజులు, బైండర్లకి ఊపిరాడదు, అందుకే ఎవరూ రాయడం లేదనుకుంది.

చివరికి ఫోరం నడిపే పెద్దాయనకి మెయిల్ పెట్టింది. ఆయన రిటైరైన లైబ్రేరియన్. 'మనవాళ్లెవరూ రాయడం లేదేమిటండీ? అందరూ క్షేమమేనా?' అని. అడిగింది అందరి గురించి. ఆ అందరిలో ఆమెకి కావలసింది ఒక్కరే.

మధ్యాహ్నానికి జవాబొచ్చింది.

'రాయకపోవడమేమిటమ్మా! ఈ తొమ్మిది రోజుల్లో నలభై ఒక్క పోస్టులొచ్చాయి. మీరు రిఫ్రెష్ నొక్కడం లేదు కదూ? ఆ భయం ఇంకా పోలేదా?'

భయమంటే... ఒకప్పుడు జిగురు ఉండ కట్టకుండా కలపడం గురించి పోస్టు రాసి, వెళ్లిందో లేదోనని రిఫ్రెష్ నొక్కింది. 'మళ్లీ పంపమంటారా?' అని బ్రౌజర్ అడిగింది. అంత మర్యాదగా అడుగుతుంటే కాదనడమెందుకని సరే అంది. ఒకసారి కాదు, మూడుసార్లు. అదే పోస్టు నాలుగుసార్లు పడింది. ఫోరమంతా నెల్లాళ్లు నవ్వుకుంది. ఆ తర్వాత ఆ బటన్ జోలికి పోలేదు. పాత కంప్యూటర్ రోజూ కట్టేసేది, పొద్దున వేస్తే పేజీ కొత్తగా వచ్చేది. ఈ ల్యాప్‌టాప్ వచ్చి పది రోజులు. మూత వేస్తే చాలన్నాడు ఇంటాయన. పేజీ కట్టెయ్యనే లేదు.

'మీరు చూస్తున్నది ఆ రోజు పేజీ' అని రాశాడు పెద్దాయన. 'బ్రౌజర్ దాన్ని దాచుకుని, మీరు వెనక్కి వెళ్లినప్పుడల్లా అదే చూపిస్తుంది. మీరు అడగమంటేనే మళ్లీ వెళ్లి అడుగుతుంది.'

తొమ్మిది రోజులు తను చూస్తున్నది ఒకే ఒక్క పొద్దుటి పేజీనా!

గుండ్రటి బాణం మీద వేలు పెట్టింది. నొక్కితే నిజం తెలిసిపోతుంది.

నొక్కింది.

తెర ఒక్క క్షణం తెల్లగా... ఖాళీగా...

వచ్చాయి. వరుసలు వరుసలుగా, నలభై ఒక్కటీ.

తోలు పోస్టులు మూడూ సన్నగా ఉన్నాయి.

అక్క ఉంది. రోజూ వచ్చింది, చదివింది, వెళ్లింది. చెల్లెలు జిగురు చేతులతోనే కళ్లు తుడుచుకుని, మంట పుట్టి, ఇంకా ఏడ్చింది.

అప్పుడు కనబడ్డాయి, లావుగా మిగిలినవి ఆరు. అన్నీ దారం గురించే. దారం పని చెల్లెలిది. అక్క వాటిని ముట్టుకోలేదు.

తొమ్మిది రోజులుగా అవి సన్నబడలేదు. రోజూ పొద్దున అక్క వచ్చి చూసి ఉంటుంది. చెల్లెలు చదవలేదు. ఈరోజూ చదవలేదు. మర్నాడూ చదవలేదు...

అయ్యో అక్కా.

వరుసకి అట్టడుగున ఇంకొకటి లావుగా ఉంది. పదమూడేళ్ల కిందటిది. ఫోరంలో తమ మొట్టమొదటి పోస్టు. ఒకసారి సన్నబడ్డది తనంతట తాను లావెక్కదు. చదవనట్టు గుర్తు పెట్టడానికి ఒక చిన్న బటన్ ఉంది. దాన్ని ఎవరో పనిగట్టుకుని నొక్కాలి.

తెరిచింది.

'అందరికీ నమస్కారం. మేమిద్దరం అక్కాచెల్లెళ్లం. చెల్లికి టైపింగ్ రాదు, అందుకని నేను రాస్తున్నాను. తను నా పక్కనే కూర్చుంది. తొందరపెడుతోంది.'

రెండుసార్లు చదివింది. మూడోసారి అక్షరాలు కనబడలేదు.

వరుసలోకి వచ్చి రిఫ్రెష్ నొక్కింది. ఆ పోస్టు సన్నబడింది. అక్కకీ అక్కడ సన్నబడి ఉంటుంది. చూస్తుందా? ఎప్పుడు చూస్తుంది?

మళ్లీ నొక్కింది. సన్నగానే ఉంది.

మళ్లీ. సన్నగానే.

"ఏమోయ్, నొక్కను నొక్కను అని, ఇప్పుడేమో ఆ బటన్ అరగదీసేస్తున్నావ్!"

ఇంకొక్కసారి.

లావుగా ఉంది.

ఇప్పుడే. ఈ నిమిషంలోనే. ఇందాక లేదు, ఇప్పుడు ఉంది... పదకొండేళ్లలో మొదటిసారి, ఇద్దరి వేళ్లూ ఒకేసారి ఒకే చోట ఉన్నాయి. చెల్లెలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మళ్లీ తెరిచింది, సన్నబడింది. రిఫ్రెష్. మళ్లీ లావెక్కింది.

"ఏమైందోయ్? ఎందుకు ఏడుస్తున్నావ్?"

"మాట్లాడకండి. అక్క వచ్చింది" అని, కుర్చీ కొంచెం పక్కకి జరుపుకుంది.